గేరు పడని కారు

ఇంజను చక్కగా తిరుగుతూనే ఉన్నది. ట్యాంకులో పెట్రోలు ఉన్నది. టైర్లలో గాలి ఉన్నది. అయినా కారు కదలదు. డ్రైవరు గేరు రాడ్డును ముందుకు తోస్తాడు, వెనక్కు లాగుతాడు. అది కరకరమని అరుస్తుందే గాని గేరు పడదు. చుట్టూ పదిమంది చేరతారు. గేరుపెట్టె పోయిందని ఒకరంటారు. క్లచ్చి పోయిందని ఇంకొకరంటారు. బలంగా తొయ్యమని మరొకరు సలహా చెబుతారు. ఈ చివరి సలహా అన్నిటికన్న చెడ్డది.

మంచి వైద్యుడు రోగిని చూస్తూనే మందు రాసి ఇవ్వడు. నొప్పి ఎక్కడ? ఎప్పటినుంచి? తిన్నాక వస్తుందా, తినక ముందా? ఇలా నాలుగు ప్రశ్నలు అడిగి, జవాబులను బట్టి జబ్బు ఎక్కడున్నదో తెలుసుకుంటాడు. కారుకు నోరు లేదు. అయినా అడిగే పద్ధతిలో అడిగితే అదీ జవాబు చెబుతుంది. ఆ ప్రశ్నలు ఏమిటో తెలియాలంటే, అసలు కారుకు గేర్లు ఎందుకు కావాలో ముందు తెలుసుకోవాలి.

మా అక్కన్నపేట హుస్నాబాదుకు దగ్గిర ఉన్నది. వెనక ఈ ప్రాంతం కరీంనగరు జిల్లాలో ఉండేది; 2016 అక్టోబరులో సిద్దిపేట జిల్లాలో చేరింది. చుట్టూ ఊళ్ళూ, తండాలూ ఉన్నాయి. వరి, పత్తి, మొక్కజొన్న పండిస్తారు. పత్తి ఏరే రోజుల్లో నిండు ట్రాలీని లాక్కుంటూ ట్రాక్టరు చేనులో నుంచి రోడ్డు మీదికి ఎక్కటం చూడండి. గట్టు ఎక్కేటప్పుడు ఇంజను గట్టిగా అరుస్తుంది గాని చక్రాలు మెల్లిగా తిరుగుతాయి. రోడ్డు ఎక్కిన తరవాత ఇంజను అరుపు తగ్గుతుంది, చక్రాల వడి పెరుగుతుంది. ఈ మార్పు చేసేది గేర్లే.

పది పళ్ళున్న చిన్న చక్రం నలభై పళ్ళున్న పెద్ద చక్రాన్ని తిప్పుతున్నదనుకోండి. చిన్నది 4 సార్లు తిరిగితే పెద్దది ఒక్కసారి తిరుగుతుంది. వడి నాలుగో వంతుకు తగ్గింది, కాని తిప్పే బలం నాలుగింతలు పెరిగింది. అంటే వడిని ఇచ్చి బలాన్ని కొనుక్కున్నామన్నమాట. మామూలు చిన్న కారులో మొదటి గేరు వేస్తే, ఇంజను దాదాపు 14 సార్లు తిరిగినప్పుడు చక్రం ఒక్కసారి తిరుగుతుంది. అయిదో గేరులో ఇంజను 3, 4 సార్లు తిరిగితే చాలు.

ఇంజను ఊరికే తిరుగుతున్నప్పుడు కూడా నిమిషానికి సుమారు 800 సార్లు తిరుగుతుంది. మొదటి గేరులో అయితే చక్రం నిమిషానికి 57 సార్లు తిరుగుతుంది. చక్రం ఒకసారి తిరిగితే కారు 1.8 మీటర్లు పోతుందనుకుంటే, నిమిషానికి 100 మీటర్లు. అంటే గంటకు 6 కిలోమీటర్లు. మనిషి చురుకుగా నడిస్తే అంతే పోతాడు. అదే అయిదో గేరులో అయితే గంటకు దాదాపు 25 కిలోమీటర్లు పోవాలి. నిలబడి ఉన్న కారు ఒక్కసారిగా అంత వడి అందుకోలేదు గనక ఇంజనే ఆగిపోతుంది. కారు కదలటానికి మొదటి గేరు తప్పనిసరి కావటానికి కారణం ఇదే.

గేరు విలువను మొదట తెలుసుకున్నవారిలో ఒక తల్లీ, ఇద్దరు పిల్లలూ ఉన్నారు. జర్మనీలో కార్ల్ బెంజ్ తయారు చేసిన మోటారు బండిలో, ఆయన భార్య బెర్తా బెంజ్ 1888 ఆగస్టులో తన ఇద్దరు కొడుకులతో మాన్‌హైము నుంచి ఫోర్జ్‌హైము దాకా వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసింది. చదును నేల మీద బండి బాగానే పోయింది. గుట్టలు ఎక్కవలసి వచ్చినప్పుడు మాత్రం పిల్లలు దిగి తొయ్యవలసి వచ్చింది. ఆమె చెప్పిన అనుభవాన్ని బట్టి బెంజ్ తరవాత ఆ బండికి గుట్టలెక్కే గేరు ఒకటి చేర్చాడు.

ఇక క్లచ్చి సంగతి. ఇంజను ఆగకుండా తిరుగుతూనే ఉండాలి. కారు మాత్రం మనకు కావలసినప్పుడు ఆగాలి, కావలసినప్పుడు కదలాలి. అందుచేత రెండింటినీ కలపటానికీ, విడదీయటానికీ ఒక సాధనం ఉండాలి. అదే క్లచ్చి.

కుమ్మరి సారె తిరుగుతుండగా దానిమీద మెల్లిగా ఒక రేకు పళ్ళెం పెట్టారనుకోండి. పళ్ళెం ముందు కాస్త జారుతుంది. అదిమి పెడితే క్రమంగా సారెతోపాటు తానూ తిరుగుతుంది. పైకి ఎత్తేస్తే సారె తిరుగుతూనే ఉంటుంది గాని పళ్ళెం ఆగిపోతుంది. కారులో సారె వంటిది ఇంజనుకు బిగించిన బరువైన ఇనప చక్రం. పళ్ళెం వంటిది క్లచ్ ప్లేటు. బలమైన స్ప్రింగు ఒకటి ఈ ప్లేటును ఇనప చక్రానికి ఎప్పుడూ అదిమి పట్టి ఉంచుతుంది. క్లచ్ పెడలు తొక్కితే రెండూ కలుస్తాయని చాలామంది పిల్లలు అనుకుంటారు. అది తప్పు. తొక్కితే విడిపోతాయి, కాలు తీస్తే కలుస్తాయి.

పెడలు దగ్గిర తొక్కిన తొక్కుడు క్లచ్చి దాకా ఎలా పోతుంది? మారుతీ 800 వంటి చిన్న కార్లలో ఒక ఉక్కు తీగ లాగుతుంది. దీన్నే మెకానిక్కులు క్లచ్ వైరు అంటారు. మరికొన్ని కార్లలో సన్నని గొట్టంలో ఉన్న నూనె తోస్తుంది. నూనెను నొక్కితే అది కుంచించుకుపోదు. ఒక చివర తోస్తే రెండో చివర అంత పనీ చేసిపెడుతుంది. కాని గొట్టంలోకి గాలి దూరితే ఆ పని జరగదు. గాలి మెత్తనిది, నొక్కితే కుంచించుకుపోతుంది. తొక్కుడంతా గాలిని నొక్కటానికే సరిపోతుంది.

క్లచ్చి దాటితే గేరుపెట్టె వస్తుంది. ఇప్పటి కార్లలో ముందుకు పోయే గేర్ల పళ్ళచక్రాలన్నీ జతలు జతలుగా ఎప్పుడూ కలిసే ఉంటాయి. ఏ జత పని చెయ్యాలో దాన్ని ఇరుసుకు తగిలించటమే గేరు వెయ్యటమంటే. ఈ పని ఒక పళ్ళ కడియం చేస్తుంది. గేరు రాడ్డు పంగలకర్ర వంటి ఒక ముక్కను కదిలిస్తుంది, ఆ పంగ కడియాన్ని జరుపుతుంది. అయితే కడియం ఒక వడితోనూ, పళ్ళచక్రం ఇంకొక వడితోనూ తిరుగుతుంటే రెండూ ఎలా కలుస్తాయి? కదిలే బస్సును అందుకోవాలంటే దానితో సమానంగా పరుగెత్తాలి గదా! (అలాటి పని మీరెన్నడూ చెయ్యకూడదు సుమా!) గేరుపెట్టెలో ఆ పరుగు పని చేసేది చిన్న ఇత్తడి ఉంగరం. అది పళ్ళచక్రాన్ని ఒరుసుకుని రెండింటి వడినీ సమానం చేస్తుంది. ఆ తరవాతే కడియానికి దారి ఇస్తుంది. మెకానిక్కులు దీన్ని సింక్రో రింగు అంటారు. ఈ ఏర్పాటును అమెరికాలో అర్ల్ థాంప్సన్ కనిపెట్టగా, 1928లో కాడిలాక్ కార్లలో మొదట వాడారు.

అంతకు ముందు డ్రైవర్ల పాట్లు చెప్పనలవి కావు. నిజాం రాజ్యంలో ప్రభుత్వ బస్సులు 1932 జూనులో రైల్వేశాఖ కింద మొదలయాయి. మొదట ఉన్న బస్సులు 27, పనిచేసేవారు 166 మంది. ఆల్బియన్ అనే ఆ బస్సులు స్కాట్లండు నుంచి వచ్చాయి. ఆ కాలపు పెద్ద బండ్లలో గేరు దించాలంటే ఒకసారి క్లచ్చి తొక్కి గేరు తీసి, క్లచ్చి వదిలి, ఇంజను వడి చెవితో కొలుచుకుంటూ పెంచి, మళ్ళీ క్లచ్చి తొక్కి గేరు వెయ్యాలి. ఇత్తడి ఉంగరం చెయ్యవలసిన పని డ్రైవరు చెవీ, కాలూ చేసేవి. లెక్క తప్పితే బస్సంతా దద్దరిల్లేటట్టు పళ్ళు అరిచేవి.

ఇప్పుడు మన ప్రశ్నలకు వద్దాం. గేరు పడకపోతే తప్పు రెండు చోట్ల ఉండవచ్చు. క్లచ్చి విడవకపోవచ్చు. లేదా గేరు రాడ్డు మొదలుకొని గేరుపెట్టె లోపలి దాకా ఎక్కడో చెడి ఉండవచ్చు. ఏది నిజమో తేల్చే ప్రశ్న ఒకటున్నది: ఇంజను ఆపితే గేరు పడుతుందా?

ఇంజను ఆపితే గేరుపెట్టెలో తిరిగేది ఏమీ ఉండదు. క్లచ్చి విడిచినా విడవకపోయినా గేరు పడాలి. ఇంజను ఆపినప్పుడు పడి, ఇంజను నడిచేటప్పుడు పడకపోతే గేరుపెట్టె దాదాపు బాగున్నట్టే. క్లచ్చి విడవటం లేదు. ఇంజను లాగుతూనే ఉంటే పాపం, ఆ చిన్న ఉంగరం దాన్ని ఆపలేదు గదా! ఇంజను ఆపినా పడకపోతే క్లచ్చిని అనుమానించవలసిన పని లేదు. రాడ్డునూ, దాని తీగలనూ, గేరుపెట్టెనూ చూడాలి. అయితే ఒక్కొక్కసారి పన్నుకు పన్ను ఎదురుగా నిలబడి గేరు పడదు. కారును జానెడు ముందుకు తోసి మళ్ళీ చూస్తే అది తేలిపోతుంది.

ఈ ఒక్క ప్రశ్న ఎంత పని చేసిందో నేను కళ్ళారా చూశాను. ఒక మార్చి నెలలో పదో తరగతి పరీక్షలు జరుగుతున్నాయి. ఒక తండా నుంచి నలుగురు పిల్లలు అద్దె కారులో హుస్నాబాదు బయలుదేరారు. నాకూ అక్కడ పని ఉండి అదే కారు ఎక్కాను. దారిలో మేకల మంద అడ్డం వస్తే ఒక కల్వర్టు దగ్గిర కారు ఆగింది. మంద వెళ్ళిపోయింది గాని మొదటి గేరు పడలేదు. పరీక్షకు ఇంకా గంట లేదు. వెనక లారీ హారను కొడుతున్నది. డ్రైవరు కుర్రవాడు రాడ్డును రెండు చేతులా తోస్తున్నాడు.

"సార్, గేర్‌బాక్సు పోయినట్టున్నది," అన్నాడు వాడు.

వెనక కూచున్న ఆడపిల్ల ముందుకు వంగింది. వాళ్ళ నాయనకు ట్రాక్టరు ఉన్నది. "అన్నా, ఇంజను బంద్ చేసి గేరెయ్యి, పడ్తదేమో చూడు," అన్నది.

వాడు ఇంజను ఆపి గేరు వేశాడు. వెన్నలో కత్తి దిగినట్టు దిగింది. న్యూట్రలులో పెట్టి ఇంజను నడిపి మళ్ళీ వేశాడు. పడలేదు.

"గేర్‌బాక్సు మంచిగనే ఉన్నదన్నా. క్లచ్చే ఇడుస్తలేదు," అన్నది ఆ పిల్ల.

డ్రైవరు చెయ్యి పెట్టి చూస్తే పెడలు కింద పరిచిన పట్టా తడిగా ఉన్నది. బానెటు ఎత్తి చూస్తే నూనె డబ్బాలో నూనె కింది గీతకన్నా దిగువకు పోయింది. జబ్బు దొరికింది. వాడికి ధైర్యం వచ్చింది. "సార్, గేరుల ఉంచే స్టార్టు జేస్తే బండి పోతది. మొదలు పిల్లలను దింపుత, తర్వాత మెకానిక్కుకు చూపిస్త," అన్నాడు.

వాడు చెప్పింది అబద్ధం కాదు. అలా కారును కదిలించవచ్చు. పరీక్ష వేళ దగ్గిర పడుతున్నది. పిల్లలు నా ముఖం చూస్తున్నారు. అప్పుడు ఆ పిల్లే మళ్ళీ అడిగింది: "అన్నా, బ్రేకుకు గూడ గదే డబ్బా గదా?"

డ్రైవరు మాట్లాడలేదు. చాలా కార్లలో బ్రేకుకూ, క్లచ్చికీ నూనె ఒకే డబ్బాలో నుంచి పోతుంది. క్లచ్చి గొట్టాన్ని కాస్త ఎత్తున అమర్చి, బ్రేకుకు కొంత నూనె మిగిలేటట్టు చేస్తారు. కాని ఎంత మిగిలిందో, కారుతున్నది ఎక్కడెక్కడో చూడకుండా పిల్లలను కూచోబెట్టుకుని పోవటం ఎలా? "బిడ్డా, బండి ఇక్కడే ఉండనియ్యి," అన్నాను. వాడు "సరే సార్," అని హ్యాండు బ్రేకు వేసి, చక్రాలకు రాళ్ళు పెట్టి, వచ్చే బండ్లకు తెలిసేటట్టు వెనక దూరంగా చెట్టు కొమ్మ పెట్టాడు. పిల్లలను రోడ్డు దింపి గట్టు మీద నిలబెట్టాం. కాసేపటికి వచ్చిన ఆర్టీసీ బస్సును ఆపి అందరం ఎక్కాం. పరీక్ష మొదలయేందుకు పది నిమిషాలుండగా పిల్లలు హాలులో ఉన్నారు.

ఆ సాయంత్రం మెకానిక్కు వచ్చి చూశాడు. పెడలు దగ్గిర ఉండే సిలిండరులో రబ్బరు అరిగి నూనె కారుతున్నది. దాన్ని మార్చి, కొత్త నూనె పోసి, గొట్టంలోని గాలి తీశాడు. గేరుపెట్టెను ముట్టుకోనేలేదు. ఆ ప్రశ్న అడగకుండా గేరుపెట్టె విప్పించి ఉంటే డబ్బూ పోయేది, జబ్బూ పోయేది కాదు.

మొదటి ప్రశ్నకు జవాబు వచ్చాక మిగిలినవి తేలిక. క్లచ్చి విడవటం లేదని తెలిస్తే పెడలును గమనించాలి. పెడలు కింద ఏదన్నా అడ్డం ఉన్నదా? ముడతపడిన పట్టా, దొర్లి వచ్చిన నీళ్ళ సీసా చాలు, పెడలు పూర్తిగా దిగదు. ఆ సీసాయే బ్రేకు పెడలు కిందికి దొర్లితే ఏమవుతుందో ఆలోచించండి! పెడలు బరువు లేకుండా కిందికి పోయి పైకి రాకపోతే వైరు తెగి ఉండాలి, లేదా నూనె పోయి ఉండాలి. గబగబా నాలుగయిదు సార్లు తొక్కినాక గేరు పడితే నూనెలో గాలి చేరిందన్న అనుమానం బలపడుతుంది.

ఇంజను ఆపినా పడనప్పుడు రాడ్డును గమనించాలి. ఖాళీ కుండలో గరిటె తిరిగినట్టు రాడ్డు ఎటుపడితే అటు ఊగుతుంటే దాని తీగో, కీలో ఊడింది. అన్ని గేర్లూ పడి ఒక్కటి మాత్రం పడకపోతే ఆ గేరు ఉంగరాన్నో, పంగనో అనుమానించాలి. అది గేరుపెట్టె విప్పి చూడవలసిన పని. రివర్సు మాత్రం వేరు. చాలా కార్లలో రివర్సుకు ఇత్తడి ఉంగరం ఉండదు. కారు పూర్తిగా ఆగాక, క్లచ్చి తొక్కి మూడు నాలుగు సెకండ్లు ఆగి వేస్తే మెత్తగా పడుతుంది. అలా ఆగినా కరకరమంటే మళ్ళీ క్లచ్చి మీదికే అనుమానం పోతుంది.

గేరు పడుతుంది గాని కారు కదలదంటే అది వేరే జబ్బు. అప్పుడు క్లచ్చి విడవకపోవటం కాదు, సరిగా పట్టకపోవటం. ఇంజను అరుస్తుంది, కాలిన వాసన వస్తుంది, కారు ఈడ్చుకుంటూ పోతుంది. ఈ రెంటినీ కలిపి చెబితే మెకానిక్కు కూడా దారి తప్పుతాడు.

రైతులకు తెలిసిన జబ్బు మరొకటున్నది. ట్రాక్టరును వానాకాలంలో చాలా రోజులు కదలకుండా పెడితే, తేమకు తుప్పు పట్టి క్లచ్ ప్లేటు ఇనప చక్రానికి అతుక్కుపోతుంది. పెడలు తొక్కినా విడిపోదు. అందుకే కొన్ని ట్రాక్టర్లకు పెడలును తొక్కిన స్థితిలోనే నిలిపి ఉంచే కొక్కెం ఉంటుంది. చాలా రోజులు నిలపదలచినప్పుడు దాన్ని తగిలించాలి.

క్లచ్ పెడలే లేని ఆటోమాటిక్ కార్లు కూడా మొండికెయ్యటం కద్దు. ఇంజను నడుస్తుంది, రాడ్డు మాత్రం "పి" అనే అక్షరం దగ్గిర నుంచి కదలదు. ఇది చాలాసార్లు జబ్బు కాదు, కాపలా. బ్రేకు తొక్కితే తప్ప రాడ్డు కదలకుండా ఒక తాళం ఉంటుంది. పిల్లవాడెవడన్నా రాడ్డు లాగితే కారు కదిలిపోకుండా ఈ ఏర్పాటు. బ్రేకు తొక్కినా కదలకపోతే, మీలో ఒకరు కారుకు పక్కగా, దూరంగా నిలబడి వెనక ఎర్ర దీపాలు వెలిగాయో లేదో చూసి చెప్పండి. వెలగకపోతే బ్రేకు పెడలు దగ్గిరి స్విచ్చో, దాని ఫ్యూజో పోయి ఉండవచ్చు. దీపాలు వెలిగించే ఆ స్విచ్చే చాలా కార్లలో తాళాన్ని కూడా విడిపిస్తుంది. బ్రేకు దీపాలు లేని కారు రోడ్డు మీదికి పోకూడదు గనక, ఆ కాపలావాడు ఆపి మేలే చేశాడనుకోవాలి.

ఇప్పుడు కరెంటుతో నడిచే కార్లు వచ్చాయి. కరెంటు మోటారుకు మొదటినుంచీ మంచి బలం ఉంటుంది. అందుచేత సాధారణంగా వాటికి మార్చవలసిన గేర్లు లేవు. ఒక్క గేరు ఎప్పుడూ కలిసే ఉంటుంది. అయినా బ్రేకు తొక్కకపోతే అవీ కదలవు. ఛార్జింగు తీగ తగిలించి ఉన్నా కదలవు. అక్కడ కూడా ముందు అడగవలసినవి ఇలాటి చిన్న ప్రశ్నలే.

తల్లిదండ్రులకు ఒక మాట. ఈ పరీక్షలు చేసేటప్పుడు కారు చదును నేల మీద ఉండాలి, హ్యాండు బ్రేకు వెయ్యాలి, డ్రైవరు సీటులో నేర్చిన పెద్దవారే కూచోవాలి. క్లచ్చి విడవని కారు గేరు పడగానే ఎగిరి దూకవచ్చు గనక దాని ముందూ, వెనకా ఎవరూ నిలబడకూడదు.

పిల్లలూ, మీ పని చూడటం, వినటం, అడగటం. కాగితం మీద నాలుగు సంగతులు రాసి మెకానిక్కుకు ఇవ్వండి: ఇంజను ఆపితే గేరు పడిందా? పడనిది ఒక్క గేరా, అన్నీనా? పెడలు ఎలా ఉన్నది? తడి ఎక్కడన్నా కనిపించిందా? ఆ కాగితం చేతికి వస్తే మంచి మెకానిక్కు సగం పని అయిపోయిందని సంతోషిస్తాడు.